వైరస్ ఒంట్లో ఉంటే తండ్రి కాలేరా?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో సాయంత్రం వేళ ఏ సంతానసాఫల్య కేంద్రం ముందు కాసేపు నిలబడినా ఒక సంగతి కంటపడుతుంది. ఫైలు ఎక్కువగా భార్య చేతిలో ఉంటుంది. అందులో ఆమె స్కానింగులు, థైరాయిడ్ రిపోర్టులు, గర్భాశయ నాళాలకు తీసిన ఎక్స్‌రే, నెలనెలా రాసిన మందుల చీటీలు బొత్తుగా ఉంటాయి. భర్తకు సంబంధించి ఉండేది ఒక్క కాగితం. కొన్నిసార్లు అదీ ఉండదు. ఇంకో కాగితం అసలు ఫైల్లోకే రాదు, ఇంట్లో బీరువాలో బట్టల కింద ఉండిపోతుంది. ఎప్పుడో రక్తదానం చేశాక బ్లడ్ బ్యాంకు వాళ్లు పిలిచి ఇచ్చిందో, గల్ఫ్ మెడికల్‌లో తేలిందో, హెర్నియా ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షలో బయటపడిందో. హెపటైటిస్ బి వైరస్ ఉందని చెప్పే ‘హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్’ అనో, ‘హెచ్‌ఐవీ రియాక్టివ్’ అనో దాని మీద ఉంటుంది.

ఆ కాగితం చూసుకున్న మనిషి రెండు రకాలుగా ఆలోచిస్తాడు. ఒకటి, ఇక నాకు పిల్లలు పుట్టరు. రెండు, దీనికీ పిల్లలకీ సంబంధం లేదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు. రెండూ తప్పే. దీర్ఘకాలిక వైరస్‌లు మగవారి సంతానశక్తిని తగ్గించగలవు గానీ, పూర్తిగా తుడిచిపెట్టడం అరుదు. తగ్గించిన దాంట్లో కూడా చాలా భాగం చికిత్సతో వెనక్కి తెచ్చుకోవచ్చు. చేజారిపోయేది ఎక్కువగా కాలం. దాచిపెట్టడం వల్ల, ఆలస్యంగా తెలియడం వల్ల, ఈలోగా పరీక్షలన్నీ భార్యకే చేయించడం వల్ల నాలుగైదేళ్లు ఇట్టే గడిచిపోతాయి.

పెళ్లైన ఏడాది నుంచే ‘ఏమ్మా, ఏమైనా విశేషమా?’ అన్న ప్రశ్న మొదలవుతుంది. అది ఎప్పుడూ కోడలినే అడుగుతారు. పిల్లలు లేని ఆడమనిషిని అనడానికి గొడ్రాలు అనే మాట మన భాషలో సిద్ధంగా ఉంది. మగవాడిని అనడానికి అంత వాడుకలో ఉన్న మాట లేదు. లెక్కలు మాత్రం వేరే చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన అంచనా ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. అలాంటి జంటల్లో దాదాపు సగం కేసుల్లో మగవారి వైపు కారణం ఒంటరిగానో, భార్య వైపు కారణంతో కలిసో కనిపిస్తుంది.

సంక్రాంతి కణం, ఉగాది రిపోర్టు

వైరస్ ఏం చేస్తుందో తెలియాలంటే ముందు వీర్యకణం ఎలా తయారవుతుందో చూడాలి. వృషణంలో ఒక మూలకణం విభజన చెంది, తోక మొలిచి పూర్తి వీర్యకణం కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత వృషణం వెనక చుట్టలు చుట్టుకుని ఉండే ఎపిడిడిమిస్ అనే నాళంలో మరో రెండు వారాల వరకు ప్రయాణించి, అక్కడే ఈదడం నేర్చుకుంటుంది. మొత్తం కలిపి దాదాపు మూడు నెలలు. సంక్రాంతికి తయారీ మొదలైన కణం ఉగాది దగ్గరపడితే గానీ బయటికి రాదు. కాబట్టి ఈరోజు ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద కనిపించేది ఈరోజు ఆరోగ్యం కాదు, గడిచిన మూడు నెలల ఆరోగ్యం.

ఈ ఒక్క విషయం తెలియక ఎంతమంది బెంబేలెత్తిపోతున్నారో చెప్పలేం. వినాయక చవితి రోజుల్లో డెంగీ జ్వరమో, చికున్‌గున్యానో వచ్చి 103 డిగ్రీలు కాసిందనుకుందాం. మనిషి పది రోజుల్లో లేచి పనిలోకి వెళతాడు. దీపావళికి చేయించిన పరీక్షలో వీర్యకణాల కౌంట్ పడిపోయి ఉంటుంది. జ్వరం వేడికి అప్పట్లో తయారవుతున్న కణాలు దెబ్బతిన్నాయి, ఆ విడత ఇప్పుడు బయటికి వస్తోంది, అంతే. మళ్లీ సంక్రాంతి దాటాక చూస్తే చాలామందిలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. కోవిడ్ తర్వాత కూడా ఇదే కనిపించింది. ఒక్క రిపోర్టు చూసి ఐవీఎఫ్‌కు డబ్బు కట్టేయడం ఈ లెక్కన తొందరపాటే.

జ్వరం వచ్చి పోయే వైరస్‌ల సంగతి అది. ఒంట్లో ఏళ్ల తరబడి తిష్ఠ వేసే వైరస్‌ల కథ వేరు. వాటికి వృషణం ఒక అనువైన చోటు కూడా. దానికి కారణం ఉంది. మన రోగనిరోధక వ్యవస్థ ఏది సొంతం, ఏది పరాయిది అని నేర్చుకునేది తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి పసితనం వరకు. వీర్యకణాలు పుట్టడం మొదలయ్యేది యవ్వనంలో. అంటే అవి ఆ పాఠాలన్నీ అయిపోయాక వచ్చినవి. తెల్ల రక్తకణాలకు అవి కనిపిస్తే పరాయివనుకుని దాడి చేస్తాయి. అందుకే వృషణంలో సెర్టోలి కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఒక గోడ కట్టి, లోపల తయారవుతున్న కణాలను రక్తానికి దూరంగా ఉంచుతాయి. 1865లో ఎన్రికో సెర్టోలి అనే ఇటలీ శాస్త్రవేత్త ఈ కణాలను మొదట వర్ణించాడు. గోడకు లోపల రోగనిరోధక శక్తి కావాలనే కాస్త తగ్గి ఉంటుంది. కొన్ని రకాల మందులు కూడా అక్కడికి అంతంతమాత్రంగానే చేరతాయి. వీర్యకణాల రక్షణ కోసం ఏర్పడిన ఈ నిశ్శబ్దమే కొన్ని వైరస్‌లకు దాక్కునే చోటు అవుతుంది. జికా వైరస్ రక్తంలోంచి పోయాక కూడా వీర్యంలో వారాలు, నెలలు ఉండగలగడం దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. అందుకే జికా సోకిన మగవారిని మూడు నెలలు జాగ్రత్తగా ఉండమంటారు.

వాపు వల్ల జరిగే నష్టం ఇంకోటి. వైరస్‌తో పోరాడటానికి చేరిన తెల్లకణాలు ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన రసాయనాలను వదులుతాయి. మామూలు కణాలకు వాటిని తట్టుకునే సరంజామా ఉంటుంది. వీర్యకణం బరువు తగ్గించుకోవడం కోసం లోపలి సామగ్రినంతా వదిలేసుకున్న కణం. తలలో జన్యుపదార్థం, మెడ దగ్గర శక్తినిచ్చే మైటోకాండ్రియా, వెనక తోక, అంతే. దాని పొర త్వరగా చెడిపోయే కొవ్వులతో నిండి ఉంటుంది. జరిగిన నష్టాన్ని మరమ్మతు చేసుకునే శక్తి దాదాపు లేదు. దాంతో ముందు కదలిక తగ్గుతుంది, తర్వాత లోపలి డీఎన్‌ఏ ముక్కలవుతుంది. కౌంట్ బాగున్నా గర్భం నిలవని కొన్ని కేసుల వెనక ఇలా డీఎన్‌ఏ ముక్కలవడం ఉంటుంది.

పచ్చకామెర్ల పేరుతో దాగిన హెపటైటిస్ బి

మన ప్రాంతంలో ఈ విషయం మీద ఎక్కువగా మాట్లాడాల్సింది హెపటైటిస్ బి గురించే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022 నాటికి భారతదేశంలో దాదాపు 3 కోట్ల మంది ఈ వైరస్‌తో దీర్ఘకాలికంగా జీవిస్తున్నారు. అందులో ఎక్కువ మందికి తమకు అది ఉన్నట్టే తెలియదు. ఒంట్లో ఏ బాధా ఉండదు కాబట్టి వెతుక్కునే అవసరం రాదు.

వీర్యంలోనూ, వీర్యకణాల లోపల కూడా ఈ వైరస్ జన్యుపదార్థం కనిపించిందని పరిశోధనలు చూపించాయి. వైరస్ పైపొరలో ఉండే ఎస్ ప్రొటీన్ వీర్యకణం మెడలోని మైటోకాండ్రియాను బలహీనపరుస్తుందని, దాంతో కదలిక తగ్గుతుందని ప్రయోగశాలలో తేలింది. హెపటైటిస్ బి ఉన్న మగవారిలో సగటున కదలిక తక్కువగా ఉంటున్నట్టు చాలా అధ్యయనాలు చెప్పాయి. కానీ సగటు వేరు, ఒక మనిషి వేరు. ఈ వైరస్ ఉండి కూడా ఏ ఇబ్బందీ లేకుండా ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కన్న తండ్రులు మన వీధుల్లో కోకొల్లలు. ఐవీఎఫ్ చేయించుకున్న జంటల్లో కూడా తండ్రికి హెపటైటిస్ బి ఉన్నంత మాత్రాన ఫలితం తగ్గిందని అన్ని అధ్యయనాలూ ఒప్పుకోవడం లేదు.

అసలు దెబ్బ లివర్ నుంచి వస్తుంది. ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే వైరస్ కాలేయాన్ని గట్టిపరిచి సిర్రోసిస్‌కు దారితీస్తుంది. మగవారి ఒంట్లో కూడా కొద్దిగా ఈస్ట్రోజెన్ ఉంటుంది, దాన్ని విరిచి బయటికి పంపేది కాలేయమే. అది పనిచేయకపోతే ఈస్ట్రోజెన్ పేరుకుంటుంది, ఒంటికి అందే టెస్టోస్టెరాన్ తగ్గుతుంది. అరచేతులు ఎర్రబడటం, ఛాతీ మీద సాలీడు కాళ్లలా ఎర్రటి గీతలు, రొమ్ములు పెరగడం, వృషణాలు చిన్నబోవడం, కోరిక తగ్గడం దీని గుర్తులు. ఈ దశకు వచ్చాక వీర్యకణాల సంగతి రెండో మాట, ప్రాణమే ముఖ్యం.

ఇక్కడే పసరు మందు సంగతి చెప్పాలి. కళ్లు పచ్చబడితే పల్లెకు వెళ్లి పసరు పోయించుకోవడం, చేతికి వాత పెట్టించుకోవడం గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఇప్పటికీ ఉంది. పచ్చదనం తగ్గుతుంది, పసరు మీద నమ్మకం పెరుగుతుంది. నిజానికి కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు చాలామందిలో వాటంతట అవే తగ్గుతాయి. హెపటైటిస్ బి ఉన్నవారిలో కూడా కళ్ల పచ్చదనం తగ్గిపోవచ్చు, వైరస్ మాత్రం ఉండిపోవచ్చు. పచ్చదనం పోయింది కదా అని రక్తపరీక్ష చేయించని మనిషి పదిహేనేళ్ల తర్వాత పొట్టలో నీరు చేరి ఆస్పత్రికి వస్తాడు. కామెర్లు వచ్చిన ప్రతి మనిషికీ హెచ్‌బీఎస్ఏజీ, హెపటైటిస్ సి యాంటీబాడీ పరీక్షలు ఒక్కసారైనా చేయాలి.

కాగితం బీరువాలో దాక్కోవడానికి ఇంకో పెద్ద కారణం అనుమానం. ‘ఎక్కడ తిరిగి తెచ్చుకున్నాడో’ అన్న మాట. హెపటైటిస్ బి విషయంలో ఈ మాట చాలాసార్లు అన్యాయం. పుట్టినప్పుడే వైరస్ సోకిన పిల్లల్లో దాదాపు 90 శాతం మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకినవారిలో 95 శాతానికి పైగా దాన్ని ఆరు నెలల్లోపే వదిలించుకుంటారు. అంటే 30 ఏళ్ల మగవాడి ఒంట్లో దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉందంటే, అది తల్లి నుంచో, చిన్నప్పుడు ఇంట్లోనో, సరిగా మరగబెట్టని సూదితోనో వచ్చి ఉండే అవకాశమే ఎక్కువ. దేశమంతటా పిల్లల టీకాల్లో హెపటైటిస్ బి చేరింది 2011లో. అంతకుముందు పుట్టి ఇప్పుడు పెళ్లీడుకు వచ్చిన చాలామందికి ఆ రక్షణ దొరకలేదు. ఈ లెక్క తెలిసిన కుటుంబంలో గొడవ సగం తగ్గుతుంది.

భర్తకు హెపటైటిస్ బి ఉందని తెలిశాక చేయాల్సిన మొదటి పని భార్యకు పరీక్ష. ఆమెకు వైరస్ లేకపోతే, రక్షణ కూడా లేకపోతే మూడు డోసుల టీకా: మొదటిది వెంటనే, రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు. ఆ తర్వాత ఒకటి రెండు నెలల్లో యాంటీబాడీలు 10 యూనిట్లు దాటాయో లేదో చూసుకోవాలి. దాటేదాకా కండోమ్. దాటాక పిల్లల కోసం మామూలుగానే ప్రయత్నించవచ్చు, వీర్యాన్ని కడగడాలు వడకట్టడాలు ఏమీ అక్కర్లేదు. భర్త ఇప్పటికే టెనోఫోవిర్ లాంటి మందు వాడుతుంటే, పిల్లల కోసమని దాన్ని సొంతంగా ఆపడం చాలా ప్రమాదం. ఆపిన కొన్ని వారాల్లో వైరస్ ఒక్కసారిగా ఎగదన్ని లివర్‌ను దెబ్బతీసిన సందర్భాలు ఉన్నాయి. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

హెపటైటిస్ సి గురించి ఇంత చెప్పనక్కర్లేదు, ఎందుకంటే దాన్ని నయం చేయవచ్చు. సోఫోస్‌బువిర్‌తో పాటు ఇంకో మాత్ర, సాధారణంగా 12 వారాలు. 95 శాతానికి పైగా పూర్తిగా నయమవుతారు. ఈ వైరస్ ఉన్నవారిలో కూడా కదలిక తగ్గడం, డీఎన్‌ఏ దెబ్బతినడం కనిపించింది. ముందు దాన్ని నయం చేసుకుని తర్వాత పిల్లల ఆలోచన చేయడం తెలివైన దారి. ఒక్క జాగ్రత్త: కొందరికి ఈ మందులకు రిబావిరిన్ కలుపుతారు. అది పిండానికి హాని చేయగలదు. మగవారు వాడినా సరే, ఆపాక ఆరు నెలల వరకు భార్యకు గర్భం రాకుండా చూసుకోవాలి.

హెచ్‌ఐవీ: అప్పుడు, ఇప్పుడు

1990ల చివర్లో, 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. చెన్నై, కోల్‌కతా రహదారి మీద రాత్రింబవళ్లు లారీలు నడిచే విజయవాడ, గుంటూరు ఆ కష్టాన్ని దగ్గర నుంచి చూశాయి. ఆ రోజుల్లో తల్లి నుంచి వైరస్ సోకి పుట్టిన పిల్లలు, మందులతో బతికి, చదువుకుని, ఇప్పుడు పాతికేళ్ల దగ్గర ఉన్నారు. వాళ్లకు పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. మాకు పిల్లలు పుడతారా అని వాళ్లు అడుగుతున్నారు. వాళ్లకు సూటిగా, సరిగా జవాబు చెప్పాల్సిన బాధ్యత అందరి మీదా ఉంది.

మందులు వాడని హెచ్‌ఐవీ సంతానశక్తిని నిజంగానే తగ్గిస్తుంది. రక్షణ కణాలైన సీడీ4 సంఖ్య పడిపోతున్న కొద్దీ వీర్యం పరిమాణం, కదలిక తగ్గుతాయి. బరువు తగ్గడం, క్షయ, ఆగి ఆగి వచ్చే జ్వరాలు, టెస్టోస్టెరాన్ తగ్గడం, మనసు కుంగడం అన్నీ తోడవుతాయి. మందులతో ఇందులో చాలా భాగం కుదుటపడుతుంది. మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా ఈ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. 2017 నుంచి సీడీ4 ఎంత ఉందన్నదానితో పని లేకుండా, వైరస్ ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ మందులు మొదలుపెడుతున్నారు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో ఈ మందులు ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్లు ఉన్నాయి.

భార్యకు సోకకుండా బిడ్డను కనడం ఎలా అన్నది అసలు ప్రశ్న. ఒకప్పుడు దీనికి దత్తత తప్ప వేరే జవాబు లేదనేవారు. ఇటలీలోని మిలాన్‌లో సెంప్రీని అనే డాక్టర్ బృందం 1992లో ఒక దారి చూపించింది. వైరస్ ఎక్కువగా ఉండేది వీర్యద్రవంలో, అందులోని తెల్లకణాల్లో. ఈదే వీర్యకణాన్ని ఆ ద్రవం నుంచి విడదీస్తే? సన్నటి గాజు గొట్టంలో అడుగున చిక్కటి ద్రావణం, దాని మీద కాస్త పలచటిది పోస్తారు. రెంటి మధ్య గీత గీసినట్టు కనిపిస్తుంది. పైన వీర్యాన్ని మెల్లగా జార్చి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. ఆగాక చూస్తే అడుగున చిటికెడు తెల్లటి ముద్ద మిగులుతుంది, అవే బలమైన వీర్యకణాలు. పైద్రవాన్ని, అందులోని తెల్లకణాలను తీసేసి, అడుగు ముద్దను మళ్లీ కడిగి, పైకి ఈదుకొచ్చిన కణాలను మాత్రం తీసుకుని, వాటిలో వైరస్ లేదని పరీక్షతో నిర్ధారించుకుని భార్య గర్భాశయంలోకి పంపుతారు. దీన్నే స్పెర్మ్ వాషింగ్ అంటారు.

ఇప్పుడు చాలామందికి అది కూడా అవసరం లేదు. యూరప్‌లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనం ఫలితాలు 2016లో వచ్చాయి. భాగస్వాముల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, మందులతో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, అదుపులో ఉన్న 888 జంటలు కండోమ్ లేకుండా సుమారు 58 వేల సార్లు కలిశారు. వైరస్ ఉన్న భాగస్వామి నుంచి రెండోవారికి సోకిన సందర్భం ఒక్కటీ లేదు. కాబట్టి మందులు తప్పకుండా వేసుకుంటూ, కనీసం ఆరు నెలలుగా వైరల్ లోడ్ పరీక్షకు అందనంత తక్కువగా ఉంటే, ఏఆర్‌టీ డాక్టర్ సలహాతో అండం విడుదలయ్యే రోజులు చూసుకుని సహజంగానే ప్రయత్నించవచ్చు. కౌంట్ మరీ తక్కువగా ఉన్నవారికి స్పెర్మ్ వాషింగ్, వీర్యకణాలను గర్భాశయంలోకి పంపే ఐయూఐ, ఒక్క కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ ఇప్పటికీ పనికొస్తాయి. హెచ్‌ఐవీ ఉందని చికిత్స నిరాకరించడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం తప్పు. కౌంటర్ దగ్గరే ‘మేం చేయం’ అన్న మాట విని వెనుదిరిగే జంటలకు ఈ చట్టం ఒకటుందని తెలియాలి.

మిగిలిన వైరస్‌ల గురించి కొద్దిగా. హెచ్‌పీవీ అంటే ఆడవారి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒక్కటే అందరికీ గుర్తొస్తుంది. ఈ వైరస్ వీర్యకణం తలకు అంటుకుని ప్రయాణించగలదని, అలాంటి వారిలో కదలిక తగ్గుతుందని, కొన్ని అధ్యయనాల్లో గర్భస్రావాలతో సంబంధం కనిపించిందని తెలుస్తోంది. కానీ దీనికి మందు లేదు, చాలామందిలో ఒకటి రెండేళ్లలో అదే పోతుంది. కాబట్టి ప్రతి మగవాడికీ వీర్యంలో హెచ్‌పీవీ పరీక్ష చేయించడం డబ్బు దండగ. టీకా మాత్రం దండగ కాదు, అది మగపిల్లలకూ ఉంది. పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్ వారి సర్వావ్యాక్‌కు 2022లోనే మన దేశంలో అనుమతి వచ్చింది. హెర్పీస్, సీఎంవీ (సైటోమెగలోవైరస్)ల మీద సాక్ష్యం అటూ ఇటూగా ఉంది, వాటి గురించి టెన్షన్ పడక్కర్లేదు.

గవదబిళ్ళలు దీర్ఘకాలిక జబ్బు కాదు గానీ, దాని మచ్చ దీర్ఘకాలం ఉంటుంది. యవ్వనం వచ్చాక గవదబిళ్ళలు వచ్చిన మగవారిలో ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి వృషణం వాస్తుంది. గట్టి పొరలో బిగుసుకుని ఉండే అవయవం కాబట్టి వాపుకు చోటు లేక లోపలి కణజాలం నలిగిపోతుంది, తర్వాత వృషణం చిన్నదైపోవచ్చు. ఎక్కువగా ఒకవైపే జరుగుతుంది కనుక పూర్తిగా సంతానం లేకపోవడం అరుదు. ప్రభుత్వ టీకాల్లో ఉన్నది తట్టు, రుబెల్లాలకు మాత్రమే, గవదబిళ్ళలకు లేదు. పిల్లల డాక్టర్ దగ్గర ఈ మూడింటికీ కలిపి ఉండే ఎంఎంఆర్ టీకా విడిగా వేయించుకోవాలి.

రిపోర్టు చదవడం

వీర్య పరీక్ష చాలా తేలికగా తప్పిపోయే పరీక్ష. శాంపిల్ ఇచ్చే ముందు రెండు నుంచి ఏడు రోజుల విరామం ఉండాలి. ల్యాబ్ వెనక ఇరుకు గదిలో, తలుపు అవతల మనుషుల మాటలు వినిపిస్తుంటే చాలామంది ఇవ్వలేరు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంటి నుంచి తెస్తామంటారు. తేవచ్చు, గంటలోపు చేర్చాలి. మే నెలలో ఆ డబ్బాను బైకు డిక్కీలో పెట్టుకుని బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు నిలబడితే కణాలు దారిలోనే చస్తాయి. చొక్కా లోపల ఒంటికి ఆనించి తేవాలి. మొదటి చుక్కలు కింద పోతే ఆ మాట ల్యాబ్‌లో చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ కణాలు ఉండేది ఆ మొదటి భాగంలోనే.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కింది హద్దులు ఇవి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, మొత్తం మీద 3.9 కోట్లు, కదిలేవి 42 శాతం, ముందుకు ఈదేవి 30 శాతం, చక్కటి ఆకారం ఉన్నవి 4 శాతం. ఆ చివరి అంకె చూసి భయపడనివారు ఉండరు. నూటికి నాలుగే బాగున్నాయట అని రాత్రంతా నిద్రపోరు. నిజానికి ఏడాదిలోపు తండ్రులైన వేలమంది పురుషుల శాంపిళ్లను వరసలో పెడితే అట్టడుగు ఐదు శాతం దగ్గర వచ్చిన అంకెలవి. వాటి కింద ఉన్నవారూ తండ్రులవుతారు, పైన ఉన్నవారిలోనూ కొందరు కారు. తేడా వస్తే కొన్ని వారాల విరామంతో రెండోసారి చేయించాలి.

‘పస్ సెల్స్ 8–10’ అన్న వరస ఇంకో తలనొప్పి. అది కనిపించగానే యాంటీబయాటిక్ కోర్సు రాసేయడం అలవాటైపోయింది. మైక్రోస్కోపు కింద గుండ్రంగా కనిపించే ప్రతి కణం చీము కణం కాదు, వాటిలో ఇంకా పూర్తిగా ఎదగని వీర్యకణాలు కూడా ఉంటాయి. ప్రత్యేకమైన రంగు వేసి చూస్తేనే తేడా తెలుస్తుంది. నిజంగా తెల్లకణాలే మిల్లీలీటరుకు 10 లక్షలు దాటితే అప్పుడు కారణం వెతకాలి. యాంటీబయాటిక్ ఏ వైరస్‌నూ తగ్గించదు.

రిపోర్టు బాగాలేనప్పుడు నెపమంతా వైరస్ మీదే వేయడం కూడా సరికాదు. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి కాబట్టే బయట వేలాడుతున్నాయి. ఆటోనగర్‌లో వెల్డింగ్ మంట ముందు కూర్చునే మనిషికి, ఇంజిన్ పక్కనే సీటున్న లారీ డ్రైవరుకు, ఎండాకాలంలో మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీకి ఆ చల్లదనం దొరకదు. పొగాకు, మద్యం, వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వెరికోసీల్, షుగర్ ఇవన్నీ తోడుంటాయి. హెపటైటిస్ ఉన్న లివర్‌కు మద్యం తోడైతే నష్టం ఎన్నో రెట్లు.

టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. దీర్ఘకాలిక జబ్బుతో నీరసంగా, కోరిక లేకుండా ఉన్న మనిషికి రక్తంలో టెస్టోస్టెరాన్ తక్కువని తేలుతుంది. ఎవరో ఇంజెక్షన్ వేస్తారు, లేదా జిమ్‌లో ఎవరో సలహా ఇస్తారు. ఒంట్లో హుషారు వస్తుంది. కానీ బయటి నుంచి హార్మోన్ రాగానే మెదడులోని పిట్యూటరీ గ్రంథి, వృషణానికి పంపే సంకేతాలను ఆపేస్తుంది. వీర్యకణాల తయారీ నిలిచిపోతుంది. కౌంట్ సున్నాకి కూడా పడిపోవచ్చు, ఆపాక కోలుకోవడానికి నెలలు, కొందరికి ఏడాదికి పైగా పడుతుంది. పిల్లలు కావాలనుకునే మగవాడికి టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ మందు కాదు, గర్భనిరోధకం. అలాంటి వారికి సొంత హార్మోన్‌ను పెంచే వేరే మందులు ఉన్నాయి.

అన్నీ సవ్యంగా జరిగి గర్భం నిలిచాక, బీరువాలోని కాగితం ఫైల్లోకి రావాల్సిన అవసరం ఇంకా పెరుగుతుంది. తల్లికి హెపటైటిస్ బి లేకుండా తండ్రికి మాత్రమే ఉంటే, బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు టీకా పడాలి, తర్వాతి డోసులు వేళకు అందాలి. తల్లికి కూడా ఉంటే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా కావాలి, ఆమె వైరల్ లోడ్ ఎక్కువగా ఉంటే గర్భంతో ఉండగానే మందు మొదలుపెడతారు. ఇమ్యునోగ్లోబ్యులిన్ అన్ని చోట్లా అప్పటికప్పుడు దొరకదు, ముందే తెప్పించి పెట్టుకోవాలి. అర్ధరాత్రి కాన్పు అయ్యాక మందుల షాపులన్నీ తిరగడం మొదలుపెడితే ఆ ఇరవై నాలుగు గంటలు కరిగిపోతాయి.

ఇంకొకరిని కూడా మర్చిపోకూడదు. తండ్రికి ఆ వైరస్ పుట్టుకతో వచ్చి ఉంటే అది వాళ్లమ్మ నుంచి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. మనవడి కోసం ఇన్నేళ్లు కోడలి ఫైలు పట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగిన ఆ నాయనమ్మ తన రక్తపరీక్ష ఎప్పుడూ చేయించుకుని ఉండదు. ఆమెకు, ఆమె మిగతా పిల్లలకు హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయాలి. పాజిటివ్ వస్తే లివర్ స్కాన్, వైరల్ లోడ్ చూడాలి. అరవై దాటిన ఆమె కాలేయం అన్నేళ్లుగా ఆ వైరస్‌ను మోస్తూ ఉండి ఉండవచ్చు.